నోరు మూసుకుని చెప్పిన పాఠం

మార్చి 2, సోమవారం

ఈ పుస్తకం ఎవరికీ చూపించను, కాబట్టి నిజమే రాస్తాను. నెస్తాన్ అనే ఆ పిల్లని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతోంది.

నిండా ముప్ఫై ఏళ్ళు లేవు. పాఠాలు చెప్పేవాళ్ళకి పాఠాలు చెప్పడానికట, రాజధాని బిష్కెక్ నుంచి దిగింది. వచ్చే వారం మా జిల్లా నీటి సంఘాల పెద్దలకీ, పచ్చిక బయళ్ళ కమిటీ వాళ్ళకీ, విపత్తుల శాఖ వాళ్ళకీ నేను శిక్షణ ఇవ్వాలి. వాతావరణం ఇలా మారిపోతుంటే దానికి తగ్గట్టు మనం ఎలా సర్దుకోవాలి అన్నది విషయం. ఇవాళ రిహార్సల్. నెస్తాన్ ఒక్కతే కూర్చుని వింది. నేను గంటన్నర చెప్పాను. నా ఇరవై ఆరు స్లైడ్లూ చూపించాను. కొండమీద మంచు ఎంత ముందుగా కరిగిపోతోందో, మే నెలలో వరద ఎందుకు ముంచుతోందో, జూలై ఆఖరుకి ఏరు ఎందుకు చిక్కి సగమవుతోందో, అన్నీ. ఏట్లో మోకాలిలోతున నిలబడి నా చేతులతో నేను కొలిచిన లెక్కలవి.

అంతా విని ఆ పిల్ల, "చాలా బాగుందక్కా. మీరు మొత్తం చెప్పేశారు. మరి వాళ్ళెప్పుడు మాట్లాడతారు?" అంది.

"వాళ్ళెందుకమ్మా మాట్లాడడం? వాళ్ళు వినడానికి వస్తున్నారు."

"వాళ్ళు పెద్దవాళ్ళక్కా. తల నెరిసినవాళ్ళు విని నేర్చుకోరు. వాళ్ళకి తెలిసినదాన్నే వాళ్ళ ముందు పెట్టి, వాళ్ళ చేత చేయించి, వాళ్ళ చేతే చెప్పించాలి. మీరు అడగాలి. అడిగి ఊరుకోవాలి. స్లైడ్లు మూడు చాలు."

మూడు! నా కడుపున పుట్టినవాటిలో ఇరవై మూడింటిని నీళ్ళలో వదిలెయ్యమన్నట్టుంది.

"కిందటేడు మీరు వీళ్ళకే చెప్పారట కదా. ఏమైంది?" అని అడిగింది. ఏమైందంటే, చప్పట్లు కొట్టారు. పలావు తిన్నారు. ఇళ్ళకి పోయారు. ఆగస్టులో కాలువ చివరనున్న సారి-తాల్‌కి రెండో తడి అందలేదు. మా అన్నయ్య సాగిన్‌బై పొలంలో గడ్డి నిలువునా మాడిపోయింది, చలికాలం రాకముందే ఆవుల్ని తోలుకెళ్ళి సంతలో అమ్మేసి వచ్చాడు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడని వదిన చెప్పింది.

సారి-తాల్ నా పుట్టిల్లు. కాలువ మొదట్లో ఉన్న కారా-బెల్ నా మెట్టినిల్లు. ఈ ఏడు కొండమీద మంచు కిందటేటికంటే పల్చగా ఉంది. కరువు ఏడు నీళ్ళెలా పంచుకోవాలో ఈ రెండు ఊళ్ళవాళ్ళూ వచ్చే వారం ఒక మాటకి రాకపోతే, జూలైలో మా అన్నయ్యకి అమ్ముకోడానికి ఆవులు కూడా ఉండవు.

సరే, నోరు మూసుకుంటాను.

మార్చి 3

ఇంట్లో మౌనం సాధన చేశాను. నాకు కోపం వచ్చిందనుకుని మా ఆయన గిన్నెలు తోమి, పొయ్యిలో బూడిద తీసి, మా అమ్మని మెచ్చుకున్నారు. ఈ పద్ధతిలో ఏదో ఉంది.

మార్చి 5

వచ్చేవాళ్ళెవరో ఇవాళ తెలిసింది. కారా-బెల్ నీటి సంఘం తరఫున కిందటేడు వేరెవరో వచ్చారు, ఈసారి వస్తున్నది మా బావగారు. అంటే మా ఆయనకి అన్నగారు. తూము తాళం ఆయన నడుముకే ఉంటుంది.

పెళ్ళై వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన పేరు నా నోట రాలేదు. మా వాళ్ళలో కోడలు అత్తింటి పెద్దల పేర్లు పలకదు, వాళ్ళకి వీపు చూపించదు, వాళ్ళ మాటకి ఎదురు చెప్పదు. ఆయన కూడా నాతో నేరుగా మాట్లాడరు. "ఇంట్లో ఉప్పుందా?" అని గోడనో, గుర్రాన్నో అడుగుతారు, నేను ఉప్పు పట్టుకెళ్ళి పెడతాను. ఇప్పుడీ పుస్తకంలో రాద్దామన్నా చెయ్యి రావడం లేదు. అలాంటి మనిషికి నేను పాఠం చెప్పాలి.

మా ఆయనకి చెప్తే పడీపడీ నవ్వారు.

"నవ్వకండి! మొదటిరోజు పేర్ల ఆట ఉంది. బంతి విసిరి పేరు చెప్పాలి."

"అన్నయ్యకి విసరకు."

"ఆయన నాకు విసిరితే?"

"అన్నయ్య బంతి విసరడమా? అది చూడ్డానికైనా నేనూ వస్తాను."

మా అత్తగారు పోయి ఏడేళ్ళయింది కానీ, ఆవిడ ఉంటే ఈ కోర్సు మొదలవ్వకముందే రద్దయ్యేది.

మార్చి 9, మొదటిరోజు

బావగారూ నేనూ ఒకే వ్యానులో పట్నానికి వెళ్ళాం. ఆయన డ్రైవరు పక్కన, నేను చిట్టచివర.

కుర్చీలు గుండ్రంగా వేయించింది నెస్తాన్. "గుండ్రానికి పెద్దపీట ఉండదక్కా, అందరూ సమానం" అంది. పన్నెండుమంది వచ్చారు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి చూశారు. అంతే, గుమ్మానికి ఎదురుగా, పొయ్యి పక్కనున్న కుర్చీయే పెద్దపీట అని తేలిపోయింది. బావగారిని తీసుకెళ్ళి అందులో కూర్చోబెట్టారు. మిగతావాళ్ళు వయసువారీగా రెండువైపులా సర్దుకున్నారు. అందరిలోకీ చిన్న కాబట్టి నెస్తాన్‌కి గుమ్మం పక్క కుర్చీ మిగిలింది, చలిగాలి కొట్టేచోట. నేను నవ్వలేదు. దగ్గు వచ్చినట్టు చేశాను.

ఆట మొదలైంది. ఊలు ఉండ విసిరి ఎదుటివాళ్ళ పేరు చెప్పాలి. విపత్తుల శాఖ కదిర్‌కుల్, ఊరంతటికీ నవ్వులు పంచే మనిషి, దాన్ని కావాలనే బావగారి ఒళ్ళోకి విసిరాడు. ఆయన ఆ ఉండని కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని, చుట్టూ చూసి, నావైపు దొర్లించారు. "మా ఇంటి కోడలు" అన్నారు. బాగానే ఉందనుకున్నాను. తర్వాత నెస్తాన్, "ఇప్పుడు వెనక్కి! మీకెవరు విసిరారో వాళ్ళ పేరు చెప్పి తిరిగివ్వండి" అంది.

నేను ఉండ తిరిగిచ్చి, "బావగారు" అన్నాను.

"పేరు చెప్పాలక్కా."

"బావగారు."

"అది వరస కదక్కా, పేరూ..."

కదిర్‌కుల్ లేచి నిలబడి, "ఒసేయ్ పట్నం పిల్లా, ఆవిడ చేత ఆ పేరు పలికించావంటే ఆవిడ అత్తగారు సమాధిలోంచి లేచొస్తుంది. ఆవిడ కూర్చోడానికి ఇక్కడ కుర్చీ కూడా లేదు" అన్నాడు. గది మొత్తం గొల్లుమంది. బావగారు నవ్వలేదు, మీసం మాత్రం కదిలింది.

మార్చి 10

నేనేమీ మాట్లాడలేదు. (దాదాపు.)

ఇవాళ అనుభవాల పూట. "వాతావరణం మిమ్మల్ని బోల్తా కొట్టించిన ఒక సందర్భం చెప్పండి" అని అడిగి ఊరుకోవాలి. అడిగాను. ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో దేవుడికే తెలుసు.

కదిర్‌కుల్ కిందటేడు మే వరద సంగతి ఎత్తుకున్నాడు. కారా-బెల్‌లో బడి వెనకాల మరుగుదొడ్డి, చెక్కతో కట్టింది, తలుపుతో సహా కొట్టుకుపోయి సారి-తాల్‌లో మెత్తటి మట్టిమీద నిటారుగా నిలబడిందట. గొళ్ళెం కూడా ఊడలేదట.

"ఇప్పటికీ వాడుతున్నాం, మాకు లోటేమీ లేదు" అన్నాడు బర్పీ. సారి-తాల్ నీటి సంఘం పెద్ద. నోట్లోంచి మాట కత్తిలా వస్తుంది. "కిందటేడు ఎగువనుంచి మాకు సరిగ్గా వేళకి అందింది అదొక్కటే."

అందరూ నవ్వారు. బావగారు నవ్వలేదు. ఈసారి మీసం కూడా కదల్లేదు.

"కావాలని ఆపామంటావా?" అన్నారు.

"నేనెందుకంటాను? పది రోజులు మీ వంతు, పది రోజులు మా వంతు, తాతల నాటి లెక్క. మీ పది రోజులూ ఏట్లో నీళ్ళుంటాయి. మా పది రోజులూ వచ్చేసరికి రాళ్ళుంటాయి. రాళ్ళు మాత్రం సమానంగానే పంచుతున్నారు, కాదనను."

బావగారు టోపీ పెట్టుకుని లేచి వెళ్ళిపోయారు. భోజనాల వేళకి గానీ తిరిగి రాలేదు. నెస్తాన్ నా చెవిలో, "గొడవ రావడం మంచిదేనక్కా, లోపలున్నది బయటికొచ్చింది" అంది. తిరుగు ప్రయాణంలో వ్యానులో ఆయనతో కూర్చోవాల్సింది నువ్వు కాదుగా తల్లీ.

మార్చి 11

ఇవాళ పరువు పోయింది. కాలువ ఆట పెట్టాం. నెస్తాన్ పుస్తకంలోది. కుర్చీలన్నీ ఒకే వరసలో వేశాం, అదే కాలువ. పెద్ద కెటిల్ నిండా టీ, అదే ఏరు. వరస మొదట్లో ఉన్నవాళ్ళు తమ గిన్నెలో పోసుకుని పక్కవాళ్ళకి అందించాలి. ఎవరిష్టం వాళ్ళది, ఎంతైనా పోసుకోవచ్చు. ఎనిమిదో మనిషి దాకా వచ్చేసరికి కెటిల్ ఖాళీ అవుతుంది, చివరివాళ్ళు ఖాళీ గిన్నెలతో బిక్కమొహం వేస్తారు, చివరి ఊరి బాధ అందరికీ ఒంటికి తెలుస్తుంది. అదీ పథకం.

మొదటి కుర్చీ పెద్దవారు కాబట్టి బావగారికి. చిట్టచివరి కుర్చీ దగ్గరికి బర్పీ తనే వెళ్ళి, "నాకలవాటైన చోటే కూర్చుంటాను" అన్నాడు.

బావగారు రెండు గుక్కల టీ పోసుకుని అందించారు. పక్కాయన రెండు గుక్కలు. పచ్చిక కమిటీ జైనాగుల్ గుక్కన్నర. అలా అలా, ఒకరిని చూసి ఒకరు మర్యాదగా, పిట్ట తాగేంత పోసుకుంటూ పోయారు. కెటిల్ బర్పీ దగ్గరికి వచ్చేసరికి దాన్ని రెండు చేతులా ఎత్తాల్సి వచ్చింది. మూత తీసి లోపలికి చూసి, "ఇన్ని నీళ్ళు మా ఊరు పుట్టాక చూడలేదు" అన్నాడు.

"అయితే కరువే లేదన్నమాట. ఇక ఇళ్ళకి పోదామా?" అన్నాడు కదిర్‌కుల్.

జైనాగుల్ సంచిలోంచి వేయించిన బూరెలు తీసింది. మీగడ డబ్బా తీసింది. కరువు గురించి పెట్టిన ఆట కాస్తా విందయిపోయింది.

నెస్తాన్ పట్నంలో పెరిగిన పిల్ల, దానికి తెలియదంటే సరే. నా బుద్ధి ఏమైంది? కాపురానికొచ్చిన రోజునుంచి ఈ చేతులతో టీ పోస్తూనే ఉన్నాను. గిన్నె అడుగు తడిసేంత పోస్తే మర్యాద. మళ్ళీ అడుగుతారు, మళ్ళీ పోస్తాం, అలా కూర్చోబెట్టుకుంటాం. అంచుదాకా నింపి ఇచ్చామంటే తాగి బయల్దేరమని అర్థం. కడుపు మాడే మనిషైనా నలుగురిలో గిన్నె నింపుకోడు. ఇవన్నీ తెలిసి, ఎనిమిదో మనిషి దగ్గర కెటిల్ ఖాళీ అవుతుందని లెక్క వేసిన హైడ్రాలజిస్టుని నేను.

అదే రోజు, వంటయ్యాక

నోరు మూసుకోమని నెస్తాన్ అంటుంది. నోరు మూసుకోమనే మా అత్తగారూ అనేది. అంటే ఆవిడ నాకు ఇన్నేళ్ళూ ఇచ్చింది ఈ కొత్తరకం శిక్షణే అన్నమాట. ఆవిడకి బిష్కెక్ వాళ్ళు జీతం ఇవ్వాల్సింది.

మార్చి 12

పన్ను విరిగింది. ఎలా విరిగిందో రాస్తాను.

పొద్దున్న బయల్దేరేముందు జేబునిండా కురుత్ పోసుకున్నాను. ఉప్పుపెరుగుని ఉండలు చేసి రాయిలా ఎండబెట్టినవి. ఒకటి బుగ్గన పెట్టుకుంటే అది కరిగేదాకా మాట్లాడలేం. మా అమ్మ మమ్మల్ని అలాగే ఊరుకోబెట్టేది.

నెస్తాన్ మధ్యలో నిలబడి, "నిన్న ఏం చూశారు?" అని అడిగింది. ఇంకేమీ అనలేదు. నేను మొదటి కురుత్ పెట్టుకున్నాను.

అది సగం కరిగాక జైనాగుల్, "ఏం చూస్తాం, అందరం సగం సగం పోసుకున్నాం" అంది.

"ఎందుకు?"

"ఎందుకేమిటమ్మా, నింపుకుంటే సిగ్గు కదా. నింపి ఇస్తే పొమ్మన్నట్టు కదా."

బర్పీ గడ్డం గోక్కున్నాడు. "అయితే మాకు కాలువలో ప్రతిసారీ నింపే పోస్తున్నారు. ఒక్కసారి అంచుదాకా, ఇక మళ్ళీ లేదు. తాగి పొమ్మని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కదిర్‌కుల్ కూడా. తర్వాత అందరూ ఒక్కసారి అందుకున్నారు. పది రోజుల వంతు ఎందుకు, రెండేసి రోజులు చేస్తే? కొంచెం కొంచెం, మళ్ళీ మళ్ళీ? ఏరు చిక్కినా ఇద్దరికీ చిక్కుతుంది కదా? ఎవరో సుద్దముక్క తీసుకుని బోర్డుమీద గీస్తున్నారు. నా ఇరవై రెండో స్లైడు! నేను చూపించకుండానే నా కళ్ళముందు పుడుతోంది! నాకు ఏడుపొచ్చింది. నవ్వొచ్చింది. రెండో కురుత్ పెట్టుకున్నాను.

అప్పుడు బావగారు గొంతు సవరించారు.

"టీ అంటే ఇంటి కోడలు పోస్తుంది. కొంచెం పొయ్యమంటే కొంచెం పోస్తుంది. ఏరు ఎవరింటి కోడలూ కాదు. ఎండిన కాలువలోకి నీళ్ళు వదిలితే మొదటి రోజు నీళ్ళన్నీ ఆ మట్టే తాగేస్తుంది. రెండ్రోజులకోసారి వంతు తిప్పితే తడిసేది కాలువ, పొలం కాదు. నేను ఒప్పుకోను."

ఆయన అన్నది అక్షరాలా నిజం. అందరూ చల్లబడిపోయారు. బర్పీ సుద్దముక్క కింద పడేశాడు. దానికి జవాబు నా దగ్గర ఉంది. పంతొమ్మిదో స్లైడు! కాలువని అసలు ఎండనివ్వకూడదు. వంతు ఎవరిదైనా సరే, సన్నటి ధార ఒకటి ఎప్పుడూ దిగువకి పారుతూ ఉండాలి, అప్పుడు మట్టి గొంతు ఆరదు, వంతు నీళ్ళు తిన్నగా పొలానికి పోతాయి. కొలిచాను. లెక్కలున్నాయి. నాలుక చివర్న ఉంది. చెప్తే? చప్పట్లు, పలావు, ఇల్లు. పైగా నలుగురిలో బావగారి మాటకి ఎదురు చెప్పినట్టు. ఆ తర్వాత ఆయన జన్మలో ఒప్పుకోరు. నెస్తాన్ నావైపు చూసి తల అడ్డంగా ఊపుతోంది. నేను పళ్ళు బిగించాను. కురుత్ పగల్లేదు, పన్ను పగిలింది.

మార్చి 13, ఆఖరి రోజు

బుగ్గ బన్నులా వాచింది. దవడ కలిపి తలకి శాలువా బిగించి కట్టుకుని వెళ్ళాను. నోరు తెరిస్తే ప్రాణం పోతోంది.

కదిర్‌కుల్ నన్ను చూసి, "ఏమమ్మా నెస్తాన్, మాట్లాడకుండా ఉండడానికి ఇంత గట్టిగా కట్టాలా?" అన్నాడు.

పొద్దున్నంతా ముఖాలు మాడ్చుకుని కూర్చున్నారు. బర్పీ సంచి కూడా సర్దేసుకున్నాడు. ఇక అయిపోయింది అనుకున్నాను. అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నది కళ్ళముందు మెదిలింది. మంచిదే, నోరు తెరవలేని రోజున ఏడ్చినా పంటినొప్పికే అనుకుంటారు.

అప్పుడు బావగారు లేచారు. బోర్డు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. కిటికీని అడుగుతారనుకున్నాను, పొయ్యిని అడుగుతారనుకున్నాను. నావైపు తిరిగారు.

"అమ్మా, నువ్వు ఏళ్ళతరబడి ఆ ఏట్లో దిగి ఏదో కొలుస్తుంటావు. మట్టి తాగేసే నీళ్ళు ఎన్నో నీ లెక్కల్లో ఉందా?"

ఇన్నేళ్ళలో మొదటిసారి! ఆయన అంతట ఆయన, నన్ను, నాకు తెలిసింది అడిగారు. నేను నోరు తెరిచాను. "ఆ" అన్నాను. అంతకంటే రాలేదు. దవడ పట్టేసింది. ఇరవై ఆరు స్లైడ్లూ గొంతులో అడ్డం పడ్డాయి.

నెస్తాన్ పరుగున వెళ్ళి పంతొమ్మిదో స్లైడు వేసింది. (దాచి ఉంచిందన్నమాట! దొంగపిల్ల.) ఆ గీతల్ని బావగారు టోపీ తీసి చేతిలో పట్టుకుని చూశారు. నేను వేలితో చూపించాను, ఇదీ కాలువ ఎండినప్పుడు. ఇదీ ఎండనప్పుడు. ఆయన నా వేలివంక, గీతవంక, మళ్ళీ నా వేలివంక చూశారు.

"ఆగు. అయితే వంతు మాదైనప్పుడు కూడా ఇంత సన్నగా కిందికి వదిలితే..."

తల ఊపాను.

"...మట్టి ఆరదు."

తల ఊపాను. చెవిదాకా సలిపింది.

"అప్పుడు వంతు ఎన్ని రోజులకి తిప్పినా పరవాలేదు."

ఇక ఊపలేకపోయాను, కళ్ళు మూసి తెరిచాను. ఆయన సుద్దముక్క తీసుకుని గది మొత్తానికి చెప్పడం మొదలుపెట్టారు. తూము ఎంత ఎత్తాలి, ఎవరు కాపలా, గుర్రాల రేవు దగ్గర గండి ఎలా పూడ్చాలి. నేను చెప్పలేనంత బాగా చెప్పారు. గంటన్నర చెప్పారు! నెస్తాన్ నావైపు చూసి కళ్ళెగరేసింది. బర్పీ రెండుసార్లు అడ్డం తగిలాడు, మూడోసారి తనే వెళ్ళి పక్కన నిలబడి గీయడం మొదలుపెట్టాడు.

చివర్లో అందరికంటే పెద్దవారు కాబట్టి బావగారే అరచేతులు చాచి బాతా, అంటే దీవెన, ఇచ్చారు. "ఈ మాట నిలవాలి, ఈ నీళ్ళు అందాలి." అందరం ముఖాలు తడుముకుని, తథాస్తు అన్నట్టు, "ఓమీన్" అన్నాం. సంతకం పెట్టిన కాగితం చింపేస్తారేమో గానీ, ఇచ్చిన బాతా వెనక్కి తీసుకునేవాడు మా వాళ్ళలో లేడు.

మార్చి 14

పన్ను పీకించుకున్నాను. డాక్టరు "ఎలా విరిగింది?" అన్నాడు. "పాఠం చెప్తుంటే" అన్నాను.

మే 17

వరద వచ్చింది. కదిర్‌కుల్ ముందురోజే ఊళ్ళని లేపాడు. మరుగుదొడ్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

జూలై 18

ఎండ మండిపోతోంది. ఏరు చిక్కిపోయింది, నేను చెప్పినదానికంటే వారం ముందే. రెండేసి రోజుల వంతులు నడుస్తున్నాయి, సన్నధార పారుతోంది. సారి-తాల్‌లో గడ్డి నిలబడే ఉందని వదిన ఫోన్ చేసింది. మా గడ్డి అంచులు మాత్రం పచ్చబడ్డాయి. పచ్చబడడమంటే ఆకుపచ్చ కాదు, పసుపు.

మా ఊళ్ళో గొణుగుడు మొదలైంది. బావగారు కోడలి కొంగు పట్టుకుని ఊరి నీళ్ళు దానం చేస్తున్నారట. నా ముందు ఎవరూ అనరు. మా ఆయన అన్నారు.

"మన గడ్డి ఎండుతుంటే కాలువ గొంతు తడపడం ఏమిటి?"

"ఆ చివర ఉన్నది మా అన్నయ్య."

"నీకు అన్నయ్య. ఆవుకి కాదు."

అప్పటినుంచి మాటల్లేవు.

జూలై 22

ఎవరో తాళం పగలగొట్టి తూము పూర్తిగా దించేశారు! సన్నధార ఆగిపోయింది. సారి-తాల్ చివరి మళ్ళు ఎండుతున్నాయి. ఎవడో తెలియదు. వాడి చేతులు పడిపోను. వాడింట్లో పెరుగు తోడుకోకుండా పోను. వాడి గుర్రం వాణ్ణి ఊరి మధ్యలో కింద పడెయ్యను. వాడి పెళ్ళాం వాడితో జన్మలో మాట్లాడకుండా పోను.

ఇవన్నీ వంట చేస్తూ పైకే తిట్టాను. మా ఆయన పాపం, రెండు ముద్దలు తిని లేచిపోయారు. ఆయనకీ బాధగానే ఉన్నట్టుంది.

జూలై 24

పొద్దున్నే బావగారు వచ్చి తలుపు తట్టారు. మా ఆయన బూట్లు వేసుకుని వెళ్ళిపోయారు. ఎక్కడికని నేను అడగలేదు, మాటల్లేవు కదా.

సాయంత్రం పాలు పొయ్యిమీద పెట్టాను. ఫోన్ మోగింది. వదిన.

"బురుల్చా! మీ బావగారు వచ్చారే! కాలువ గట్టెంట నడిచి! వెనకాల మీ ఊరి మగాళ్ళు ఓ గుంపు, నాలుకలు వేలాడేసుకుని!"

"ఎందుకట?"

"పొద్దున్నే తూము ఎత్తి, గొణిగేవాళ్ళందరి తలుపులూ తట్టి, 'రండి, నీళ్ళ పక్కనే నడుద్దాం' అన్నారట. తూము ఎవరు దించారని ఒక్కర్నీ అడగలేదట. దారంతా ఒక్క ముక్క మాట్లాడలేదట. మన చివరి మడి దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టారు. నేల బీటలు వారి ఉంది కదా. 'ఏం చూశారు?' అన్నారు. అంతే. అని ఊరుకున్నారు."

పొయ్యి పక్కన కూర్చుండిపోయాను. "వాళ్ళేమన్నారు?"

"ఏమంటారు? మీ అన్నయ్య అలా చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో ఒకాయన టోపీ తీసి, నేలకేసి చూస్తూ, 'దించింది నేనే' అన్నాడు."

"ఎవడు వాడు? పేరు చెప్పు!"

"మీ ఆయనేనే."

మొన్న నేను పెట్టిన శాపనార్థాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి, వాటిలో ఒకటైతే అప్పటికే తగిలి కూర్చుంది. కోపం వచ్చింది. చెంప పగలగొట్టాలనిపించింది. ఆ మనిషి అంతమందిలో, అన్నగారి ముందు, బావమరిది ముందు టోపీ తీసి నిలబడ్డాడంటే తిట్టడానికి మనసొప్పలేదు.

"నీళ్ళు వచ్చేశాయే, ఇదుగో విను" అని వదిన ఫోన్ కిందికి పెట్టింది. మొదట ఏమీ వినపడలేదు. తర్వాత గలగల. ఎండిన మట్టి బుడబుడమంటూ తాగుతున్న చప్పుడు. అందులోంచి మా ఆయన గొంతు, మా అన్నయ్యమీద అరుస్తూ: "పార ఇలా తే బావా! మడికి నీళ్ళు కట్టడం నీకు చేతకాదు, జరుగు!"

మా అన్నయ్య నవ్వాడు. కిందటి ఆగస్టు తర్వాత వాడు నవ్వగా నేను వినలేదు.

ఫోన్ చెవికి అదుముకుని అలాగే కూర్చున్నాను. పాలు పొంగి పొయ్యంతా పోయాయి. పొంగనీ అనుకున్నాను.